నూటికెంత? సెలైన్ బాటిల్ మీది అంకెలు చదివే పద్ధతి

సెలైన్ బాటిల్ చేతికిచ్చి "ఇందులో ఉప్పెంత ఉంది?" అని అడిగితే నర్సింగ్ ఫస్టియర్ పిల్లల్లో సగం మంది లేబుల్ చూసి "0.9 మేడం" అంటారు. 0.9 ఏంది? గ్రాములా, కిలోలా? "శాతం మేడం." సరే, 0.9 శాతం అంటే ఎంత? అక్కడ క్లాసంతా గప్‌చుప్. వెనక బెంచీలో ఒకమ్మాయి ధైర్యం చేసి "తొంభై శాతం" అంటుంది. నూటికి తొంభై ఉప్పుంటే అది సెలైన్ కాదమ్మా, ఉప్పు కొఠారులో కుప్ప. దానికి ఐవీ సెట్ గుచ్చలేం.

ఆ అమ్మాయి మరీ అంత తప్పేం చెప్పలేదు. 0.9 అనే దశాంశాన్ని శాతంలోకి మారిస్తే 90 శాతమే వస్తుంది. కానీ లేబుల్ మీదున్నది 0.9 కాదు, 0.9 శాతం. చివర ఉన్న ఆ చిన్న గుర్తును చదవకుండా వదిలేసినందుకు లెక్క వంద రెట్లు మారిపోయింది.

నేను ఒంగోలులో పదిహేనేళ్లు వార్డు డ్యూటీలు చేసి, తర్వాత పాఠాలు చెప్పే పనికి వచ్చాను. కనిగిరి, పొదిలి, ఉదయగిరి వైపు నుంచి బస్సులెక్కి వచ్చే పిల్లలు చాలామంది ఇంటర్‌లో బైపీసీ తీసుకున్నరోజే లెక్కల పీడ వదిలిందని సంబరపడ్డవాళ్లు. ఆ పీడ మందుల ట్రాలీ మీద మళ్లీ ఎదురవుతుందని ఎవరూ చెప్పలేదు వాళ్లకి. భయపడాల్సిందేమీ లేదు. మీకు కావలసింది ఏడో తరగతి లెక్క. ఒక పలకో, తెల్లకాగితమో దగ్గర పెట్టుకుని ఇది చదవండి. ఊరికే చదివితే రాదు, చేస్తేనే వస్తుంది.

ముందు వడ్డీ లెక్క

మా వైపు ఊళ్లలో అప్పు మాట్లాడుకునేటప్పుడు పర్సెంట్ అనే మాట ఎవరూ వాడరు. "నూటికి రెండు" అంటారు. నెలకు వంద రూపాయలకు రెండు రూపాయల వడ్డీ అని. పదివేలకైతే రెండొందలు. మా అవ్వకు సంతకం కూడా రాదు, వేలిముద్రే. అయినా ఎవరు ఎన్ని నెలలు ఎగ్గొట్టారో, ఎంత రావాలో వేళ్ల మీద చెప్పేది.

ఫ్లూయిడ్ బాటిల్ మీద రాసిన శాతం కూడా ఇదే. అసలు వంద ఎంఎల్, వడ్డీ గ్రాములు. డెక్స్‌ట్రోజ్ అంటే గ్లూకోజే. 5 శాతం డెక్స్‌ట్రోజ్ అంటే నూరు ఎంఎల్‌కు 5 గ్రాముల గ్లూకోజ్. 500 ఎంఎల్ బాటిల్‌లో ఐదు నూర్లున్నాయి, కాబట్టి 25 గ్రాములు. నార్మల్ సెలైన్ 0.9 శాతం, అంటే నూటికి 0.9 గ్రాము. 500 ఎంఎల్‌కు 4.5 గ్రాములు, లీటరుకు 9 గ్రాములు. డీఎన్ఎస్ అంటే ఈ రెండూ ఒకే బాటిల్‌లో ఉన్నట్టు: నూటికి 5 గ్రాముల డెక్స్‌ట్రోజ్, 0.9 గ్రాము ఉప్పు.

ఇకమీదట లేబుల్ మీద % గుర్తు కనిపిస్తే పర్సెంట్ అని చదవకండి. "నూటికి" అని చదవండి. నూటికి 0.9. అలా చదివితే తొంభై అనే మాట నోటికి రాదు.

రొయ్యల చెరువులున్న ఇంటి పిల్లలకు ఇంకో దారుంది. చెరువు నీళ్ల ఉప్పదనం పీపీటీలో చెబుతారు కదా, అది వెయ్యికి ఎన్ని అనే లెక్క. సముద్రపు నీళ్లు సుమారు 35 పీపీటీ, అంటే నూటికి 3.5. మన సెలైన్ 9 పీపీటీ. ఈ మాట చెప్పినరోజు విడవలూరు నుంచి వచ్చిన కుర్రాడొకడు లేచి "అయితే మేడం, సెలైన్‌లో వెనామీ రొయ్య బతుకుతుందా?" అని అడిగాడు. క్లాసంతా నవ్వారు గానీ, 0.9 శాతం అంటే ఏమిటో ఆ రోజు అందరికన్నా బాగా అర్థమైంది వాడికే.

మూడు వేషాలు, మనిషొకడే

రూపాయిలో పావలా అంటే 1/4 రూపాయి. అదే 0.25 రూపాయి. అదే నూటికి 25 పైసలు, అంటే 25 శాతం. పావలా బిళ్ల 2011లో చెల్లకుండా పోయింది కాబట్టి ఇప్పటి పిల్లల్లో చాలామంది దాన్ని ముట్టుకుని ఉండరు. కానీ పావు, అర, ముప్పావు అనే మాటలు ఇంకా నోట్లో ఆడుతూనే ఉన్నాయి. పావు అన్నా 0.25 అన్నా 25 శాతం అన్నా ఒకటే అని మనసులో పడితే సగం పని అయిపోయినట్టే. ఒక వేషం నుంచి ఇంకో వేషంలోకి ఎలా మార్చాలన్నదే మిగిలింది.

భిన్నం నుంచి దశాంశానికి: పైనున్న లవాన్ని కిందున్న హారంతో భాగించాలి. 3/8 తీసుకోండి. 3 లో 8 పోదు. కాబట్టి ముందు సున్నా వేసి పాయింట్ పెట్టండి. ఇప్పుడు 3 పక్కన సున్నా చేర్చితే 30. ఎనిమిది మూళ్లు 24, మిగిలింది 6. దాని పక్కన సున్నా, 60. ఎనిమిది ఏళ్లు 56, మిగిలింది 4. మళ్లీ సున్నా, 40. ఎనిమిది అయిదులు 40, మిగిలింది ఏమీ లేదు. జవాబు 0.375.

ఇక్కడ పిల్లలు చేసే తప్పు ఒకటుంది. చిన్నప్పటి నుంచి పెద్ద అంకెను చిన్నదాంతో భాగించే అలవాటు కదా, 3/8 చూడగానే చేయి తిరగబడి 8 ని 3 తో భాగిస్తుంది. 2.66 వస్తుంది. అది చూసి అనుమానం రావాలి. పైది చిన్నది, కిందిది పెద్దది అయినప్పుడు జవాబు ఒకటికన్నా తక్కువే ఉండాలి. ఒక దోసెను ఎనిమిది ముక్కలు చేస్తే, మూడు ముక్కలు తిన్నవాడు రెండున్నర దోసెలు తిన్నానంటే నమ్ముతామా?

దశాంశం నుంచి శాతానికి: పాయింట్‌ను కుడికి రెండు గదులు జరపండి. 0.375 కాస్తా 37.5 శాతం అవుతుంది. 0.4 అయితే రెండో గది ఖాళీ, అక్కడ సున్నా పెట్టండి, 40 శాతం. ఆక్సిజన్ పెట్టినప్పుడు ఎఫ్ఐఓటూ 0.4 అని రాస్తే నూటికి 40 పాళ్లు ఆక్సిజన్ అని. మనం పీల్చే మామూలు గాలిలో 21 శాతం, అంటే 0.21.

శాతం నుంచి దశాంశానికి: అదే పాయింట్‌ను ఎడమకు రెండు గదులు. 21 శాతం 0.21 అవుతుంది, 5 శాతం 0.05 అవుతుంది. 0.9 శాతం? ఇక్కడే తడబడతారు. పాయింట్ ముందు ఒక్క సున్నానే ఉంది, రెండు గదులు జరగాలంటే ఇంకో సున్నా తెచ్చుకోవాలి. 0.009. వెయ్యిలో తొమ్మిది. పైన పీపీటీ లెక్కలో వచ్చిన 9 ఇదే, సరిచూసుకోండి.

కుడికా ఎడమకా అన్నది మర్చిపోతున్నామంటారు. దిక్కులు బట్టీ పట్టకండి. పావలాను తలుచుకోండి. 0.25 శాతంలోకి మారితే 25 అయింది, అంకె పెరిగింది. శాతంలోకి వెళితే పెరగాలి, శాతం నుంచి బయటికొస్తే తగ్గాలి. పెరగాల్సిన చోట తగ్గిందంటే మీరు వెనక్కి నడిచారన్నమాట.

దశాంశం నుంచి భిన్నానికి: పాయింట్ తర్వాత ఎన్ని అంకెలున్నాయో లెక్కపెట్టండి. ఒకటుంటే కింద 10, రెండుంటే 100, మూడుంటే 1000. 0.125 లో మూడున్నాయి, కాబట్టి 125/1000. ఇప్పుడు కొట్టేయండి. రెండూ అయిదుతో పోతాయి, 25/200. మళ్లీ అయిదు, 5/40. మళ్లీ అయిదు, 1/8. ఇక పోదు, ఆగండి. శాతం నుంచి భిన్నానికైతే కింద 100 వేసి ఇదే పని చేయడం. 12.5 శాతం అంటే 12.5/100. పైన పాయింట్ ఉంటే చిరాకు కాబట్టి పైనా కిందా పదితో గుణిస్తే 125/1000, అంటే మళ్లీ మన 1/8.

నోటికి రావాల్సినవి కొన్నే: 1/2 అంటే 0.5, 50 శాతం. 1/4 అంటే 0.25. 3/4 అంటే 0.75. 1/5 అంటే 0.2, 20 శాతం. 1/8 అంటే 0.125. 1/3 మాత్రం ఎంత భాగించినా తెగదు, 0.333 అని పోతూనే ఉంటుంది, 33.3 శాతం దగ్గర ఆపేయండి. మిగతావి అవసరమైనప్పుడు చేసుకోవచ్చు.

ఫోన్‌లో క్యాలిక్యులేటర్ ఉందిగా మేడం అని ఏటా ఒకరు అడుగుతారు. వాడుకోండి, వద్దనను. కానీ ఏ అంకెను దేంతో భాగించాలో అది చెప్పదు. 8 ని 3 తో కొడితే దానికీ ఇచ్చేస్తుంది. ఎంత వస్తుందో ముందు మనసులో ఒక అంచనా ఉన్నవాళ్లకే క్యాలిక్యులేటర్ పనికొస్తుంది. నా టేబుల్ మీద ఇప్పటికీ ఒక మార్కాపురం పలక ఉంటుంది. పిల్లలు నవ్వుతారు, ఇంటర్నల్స్ ముందురోజు మాత్రం దాని కోసం కొట్టుకుంటారు.

0.125 పెద్దదా, 0.25 పెద్దదా?

గుండెకు వాడే డిగాక్సిన్ మాత్ర 0.25 ఎంజీ. డాక్టర్ 0.125 ఎంజీ రాశారు. ఎన్ని మాత్రలివ్వాలి?

125 పెద్ద అంకె, 25 చిన్న అంకె, కాబట్టి ఒకటికన్నా ఎక్కువ మాత్రలే ఇవ్వాలి అనుకున్నవాళ్లు చేయెత్తండి. సిగ్గుపడకండి, ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. పాయింట్ తర్వాత అంకెలు ఎక్కువున్నంత మాత్రాన అది పెద్దదైపోదు. రెండింటికీ పాయింట్ తర్వాత అంకెలు సమానం చేసి పోల్చండి. 0.125, 0.250. ఇప్పుడు 125, 250 అని చూస్తే తెలిసిపోతుంది, సగం. అర మాత్ర. పాయింట్ తర్వాత చివర సున్నా చేర్చినా విలువ మారదు కాబట్టి ఇలా చేయొచ్చు.

ఇది పోల్చుకోవడానికి మీ పలక మీద మాత్రమే చేయాలి. కేస్ షీట్‌లో ఎప్పుడూ చివర సున్నా పెట్టకూడదు. 5 ఎంజీని 5.0 అని రాస్తే, పాయింట్ మసకగా పడితే 50 అవుతుంది. అలాగే ఒకటికన్నా తక్కువున్నప్పుడు పాయింట్ ముందు సున్నా తప్పకుండా పెట్టాలి. .5 కాదు, 0.5.

ఈ రెండో ముక్క నాకు పుస్తకం నేర్పలేదు. కొత్తగా చేరిన రోజుల్లో, ఒక ఆస్పత్రిలో, డ్యూటీ దిగేటప్పుడు హ్యాండోవర్ బుక్కులో ఆల్ప్రజోలం (ఆందోళన తగ్గించే మాత్ర) .5 అని రాసి వెళ్లాను. గీతల కాగితం, నా పాయింట్ సరిగ్గా గీత మీద పడి కలిసిపోయింది. నైట్ డ్యూటీ అమ్మాయి 5 అని చదువుకుంది. మాత్ర 0.5 ఎంజీది కాబట్టి పది మాత్రలు కావాలని స్ట్రిప్ తీసుకుని సీనియర్ సిస్టర్ దగ్గరికి పోయింది. ఆవిడ స్ట్రిప్ వంక చూసి, పుస్తకం వంక చూసి, మర్నాడు పొద్దున నన్ను పిలిచింది. "ఏందమ్మే, ఒక మనిషికి ఒక పూటకి స్ట్రిప్పు మొత్తమా?" అంతే అంది. ఇంకేమీ అనలేదు. అరిచి ఉంటే అప్పుడే మర్చిపోయేదాన్ని.

ఆవిడ లెక్క వేసి పట్టుకోలేదు. ఒక పూటకు పది మాత్రలు అనగానే ఎక్కడో తేడా కొట్టింది. రెండు మూడు మాత్రలు దాటినా, రెండు ఆంపూళ్లు (ఇంజెక్షన్ మందుండే చిన్న గాజు బుడ్లు) దాటినా లెక్క మళ్లీ చూడండి. ఒక్కోసారి ఎక్కువ ఆంపూళ్లు నిజంగానే కావాలి, కింద లేబర్ వార్డులో వస్తుంది. అయినా ఆగి చూడాలి.

శాతాన్ని పదితో గుణిస్తే

చాలా ఇంజెక్షన్లకు గ్రాములతో పని లేదు, ఎంజీ కావాలి. తిమ్మిరెక్కించే మందు లిగ్నోకైన్ 2 శాతం అంటే నూరు ఎంఎల్‌లో 2 గ్రాములు, అంటే 2000 ఎంజీ. ఒక్క ఎంఎల్‌లో 20 ఎంజీ. ఏ శాతాన్నైనా పదితో గుణిస్తే ఎంఎల్‌కు ఎన్ని ఎంజీ ఉందో వచ్చేస్తుంది. 5 శాతం డెక్స్‌ట్రోజ్ ఎంఎల్‌కు 50 ఎంజీ. 50 శాతం మెగ్నీషియం సల్ఫేట్ ఎంఎల్‌కు 500 ఎంజీ, అంటే అర గ్రాము. రెండు ఎంఎల్ ఆంపూల్‌లో ఒక గ్రాము.

కొన్ని ఆంపూళ్ల మీద శాతం బదులు నిష్పత్తి ఉంటుంది. అడ్రినలిన్ 1:1000. ఒక గ్రాము, వెయ్యి ఎంఎల్‌లో. అంటే వెయ్యి ఎంజీ, వెయ్యి ఎంఎల్‌లో. ఎంఎల్‌కు 1 ఎంజీ. భిన్నంగా రాస్తే 1/1000, దశాంశంలో 0.001, శాతంలో 0.1. ఆ ఒక ఎంఎల్‌కు 9 ఎంఎల్ సెలైన్ కలిపితే మొత్తం పది, అది 1:10,000, ఎంఎల్‌కు 0.1 ఎంజీ. కింది అంకె పెద్దదైతే మందు పలచనైనట్టు. పదివేలు అనగానే ఘాటు ఎక్కువేమో అనుకునే పిల్లలుంటారు. పాలలో నీళ్లలాంటిది ఆ కింది అంకె.

ఇక లేబర్ వార్డుకు రండి. బీపీ పెరిగి ఫిట్స్ వచ్చిన గర్భిణికి మెగ్‌సల్ఫ్ (మెగ్నీషియం సల్ఫేట్) లోడింగ్ డోసు, అంటే మొదట ఇచ్చే పెద్ద డోసు. 4 గ్రాములు, 20 శాతం ద్రావణంగా చేసి నరంలోకి నెమ్మదిగా ఇవ్వమన్నారు. మీ ట్రేలో 50 శాతం ఆంపూళ్లు ఉన్నాయి, ఒక్కోటి రెండు ఎంఎల్. 20 ఎంఎల్ సిరంజి తీశారు. ఇప్పుడేం చేస్తారు?

ఆంపూల్‌కు ఒక గ్రాము, కాబట్టి నాలుగు ఆంపూళ్లు. సిరంజిలోకి 8 ఎంఎల్ వచ్చింది, అందులో 4 గ్రాములున్నాయి. దీన్ని 20 శాతం చేయాలి. 20 శాతం అంటే నూటికి 20 గ్రాములు. మన దగ్గర 20 లేవు, 4 ఉన్నాయి, ఐదో వంతు. కాబట్టి ఎంఎల్ కూడా నూటిలో ఐదో వంతే ఉండాలి, 20 ఎంఎల్. ఇప్పటికే 8 ఉంది, ఇంకా 12 ఎంఎల్ డిస్టిల్డ్ వాటర్ గానీ సెలైన్ గానీ లాగండి. సిరంజి నిండింది. సరిచూసుకోవాలంటే 4/20 ని మార్చండి: 1/5, 0.2, 20 శాతం. భిన్నం, దశాంశం, శాతం మూడూ ఒకే సిరంజిలో కనబడ్డాయి.

పిల్లలు చేసే తప్పేమిటంటే 8 ఎంఎల్‌కు ఇంకో 20 ఎంఎల్ కలపబోవడం. అప్పుడు మొత్తం 28. 4 ని 28 తో భాగిస్తే 0.143, అంటే 14 శాతం చిల్లర. అంతా 20 ఎంఎల్ సిరంజిలో పట్టదు కూడా, అక్కడైనా అనుమానం రావాలి. కలపాల్సిన నీళ్లు వేరు, కలిపాక మొత్తం వేరు. ఈ మందుకు ఎంత అనుభవం ఉన్నా పక్కన ఇంకొకరు చూసి అవునన్నాకే సూది పెట్టాలి. మీ లెక్క మీకు సరిగ్గానే కనిపిస్తుంది, తప్పు చేసిన చేతికి తప్పు కనబడదు.

ఇదే పొరపాటు క్రిములు చంపే హైపో కలిపేటప్పుడూ చేస్తారు. సీసాలో 5 శాతం సోడియం హైపోక్లోరైట్ ఉంది, 0.5 శాతం కావాలి. 5 ని 0.5 తో భాగిస్తే 10. పాయింట్ ఉన్నదాంతో భాగించడం ఇష్టం లేకపోతే రెండింటినీ పదితో గుణించి 50 ని 5 తో భాగించండి, అదే పది. పది రెట్లు పలచన చేయాలి. ఒక మగ్గు హైపోకు పది మగ్గుల నీళ్లు? కాదు, తొమ్మిది. హైపో మగ్గు కూడా ఆ పదిలోనిదే. ఒక శాతం కావాలంటే 5 ని 1 తో భాగిస్తే 5, అందులో ఒకటి పోతే ఒక పాలు హైపోకు నాలుగు పాళ్లు నీళ్లు.

వ్యాక్సిన్ రోజు, ఇన్సులిన్ పూట

సబ్ సెంటర్‌లో టీకాల బుధవారం చూసినవాళ్లకు ఎఫ్ఐపీవీ అనే పేరు తెలుసు. ఆ మొదటి ఎఫ్ అంటే ఫ్రాక్షనల్, అచ్చంగా మన భిన్నమే. పోలియో ఇంజెక్షన్ పూర్తి డోసు కండలోకి 0.5 ఎంఎల్. ఎఫ్ఐపీవీ చర్మంలోకి 0.1 ఎంఎల్. 0.1/0.5, పైనా కిందా పదితో గుణిస్తే 1/5. పూర్తి డోసులో ఐదో వంతు, 20 శాతం. పక్కనే బీసీజీ ఉంటుంది, నెలలోపు బిడ్డకు 0.05 ఎంఎల్. దీన్ని 0.5 అని చదివితే పది రెట్లు. బీసీజీ సిరంజికి అంత పట్టదు కాబట్టి చాలావరకు సిరంజే కాపాడుతుంది, కానీ సిరంజి మీద భారం వేసి ఉద్యోగం చేయలేం కదా.

ఇన్సులిన్‌లో సిరంజి కాపాడదు, ఇంకా ముంచుతుంది. వయల్‌లో వచ్చే ఇన్సులిన్ మన దగ్గర ఎక్కువగా ఎంఎల్‌కు 40 యూనిట్లు. 100 యూనిట్లది కూడా ఉంది. సిరంజిలూ రెండు రకాలు: ఎర్ర మూత 40ది, నారింజ మూత 100ది. 40 వయల్‌లోంచి నారింజ సిరంజితో 10 గీత వరకు లాగారనుకోండి. ఆ గీత దగ్గర 0.1 ఎంఎల్ ఉంటుంది. అందులో ఉన్నది 4 యూనిట్లు. పది ఇచ్చాననుకున్నారు, ఇచ్చింది 40 శాతం. షుగర్ దిగదు. తిరగేసి, 100 వయల్‌లోంచి ఎర్ర మూత సిరంజితో 10 గీత వరకు లాగితే 0.25 ఎంఎల్, 25 యూనిట్లు. ఇవ్వాల్సినదానికి 250 శాతం. పేషంట్‌కు చెమటలు పట్టి, స్పృహ తప్పొచ్చు.

నెల్లూరు వైపు వడ్లు పుట్టి అంటే 850 కిలోలు. ఆ సంగతి తెలియని బయటి వ్యాపారితో పుట్ల లెక్కన బేరం కుదుర్చుకుంటే ఇద్దరిలో ఒకరు మునగడం ఖాయం. గీతల సంగతీ అంతే. గీత మీద అంకె ఒక్కటే చూస్తే చాలదు, ఆ గీత ఏ కొలతకు గీశారో చూడాలి.

శాతం దేంట్లో?

పుట్టినప్పుడు 3.2 కిలోలున్న బిడ్డ మూడో రోజుకు 2.96 కిలోలు. ఎంత శాతం తగ్గింది? తేడా 0.24 కిలో. దాన్ని దేంతో భాగించాలి? పుట్టిన బరువుతో, ఇప్పటి బరువుతో కాదు. 0.24/3.2, పాయింట్లు పోవడానికి వందతో గుణిస్తే 24/320. ఎనిమిదితో కొట్టేస్తే 3/40. భాగిస్తే 0.075. అంటే 7.5 శాతం. 2.96 తో భాగిస్తే 8.1 వస్తుంది, అది తప్పు. మొదటి వారంలో బిడ్డ కాస్త తగ్గడం మామూలే, పది శాతానికి దగ్గరపడితే మాత్రం పాలు సరిగ్గా తాగుతున్నాడా చూసి డాక్టర్‌కు చెప్పాలి. ఆ ఫోన్ చేయాలా వద్దా అన్నది ఈ భాగహారం మీదే ఆధారపడి ఉంటుంది.

కాలిన గాయాలకు వాడే తొమ్మిదుల సూత్రం కూడా ఇలాంటిదే, అక్కడ నూరు అంటే మొత్తం ఒళ్లు. పెద్దవాళ్లలో ఒక చేయి 9 శాతం, చేతికి ముందువైపు మాత్రమే కాలితే అందులో సగం, 4.5.

చివరి అంకెను ఎక్కడ సరిచేయాలన్నది వస్తువును బట్టి ఉంటుంది. 500 ఎంఎల్ ఎనిమిది గంటల్లో, ఎంఎల్‌కు 20 చుక్కల సెట్‌తో అంటే 500 ని 20 తో గుణించి 480 నిమిషాలతో భాగించాలి, 20.83. చుక్కను ముక్కలు చేయలేం కాబట్టి 21. పసిపిల్లల మందులో ఇలా పూర్తి అంకెకు చేయకండి, సిరంజి మీద గీత ఎంతవరకు ఉంటే అంతవరకు ఉంచండి. సరిచేయడం లెక్క చివర ఒక్కసారే. మధ్య మధ్యలో చేస్తూ పోతే తేడా పోగవుతుంది.

ఇప్పుడు మీరు చేయండి

జవాబులు కిందే ఉన్నాయి, చేత్తో మూసుకుని చేయండి.

ఒకటి. 25 శాతం డెక్స్‌ట్రోజ్ 100 ఎంఎల్ బాటిల్ ఉంది. 10 గ్రాములు ఇవ్వాలంటే ఎన్ని ఎంఎల్?

రెండు. 7.5 శాతం సోడాబైకార్బ్ 10 ఎంఎల్ ఆంపూల్‌లో ఎన్ని ఎంజీ?

మూడు. పిల్లల వార్డులో పాత సిస్టర్లు ఎన్ బై ఫైవ్ అంటారు, నార్మల్ సెలైన్‌లో ఐదో వంతు ఉప్పున్నది. అది ఎంత శాతం? 500 ఎంఎల్‌లో ఉప్పెన్ని గ్రాములు?

నాలుగు. 12 కిలోల పాపకు కిలోకు 15 ఎంజీ చొప్పున పారాసెటమాల్ రాశారు. సిరప్ 5 ఎంఎల్‌కు 250 ఎంజీ. ఎన్ని ఎంఎల్?

ఐదు. 0.45 శాతం సెలైన్‌ను దశాంశంగా రాయండి.

మొదటిది 40 ఎంఎల్: నూటికి 25 కాబట్టి 10/25 అంటే 0.4, నూటిలో 40. రెండోది 750 ఎంజీ: 7.5 ని పదితో గుణిస్తే ఎంఎల్‌కు 75, పది ఎంఎల్‌కు 750. మూడోది 0.18 శాతం, 500 ఎంఎల్‌లో 0.9 గ్రాము. నాలుగోది 3.6 ఎంఎల్: కావలసింది 180 ఎంజీ, 180/250 అంటే 0.72, దాన్ని 5 తో గుణించాలి. ఐదోది 0.0045. 0.45 అని రాసినవాళ్లు మొదటి పేరా మళ్లీ చదవండి, వెనక బెంచీలో ఆ అమ్మాయి పక్కన చోటుంది.